తక్కెడలో అమ్మ నవ్వు

మా అమ్మ యాకమ్మ ఫోటో నేను తీస్తే, కింద నీ పేరు వేసి స్టూడియో అద్దంలో పెట్టుకున్నావు, సారంగపాణీ.

రెండేళ్లు గ్యారేజీలో గ్రీజు పూసుకొని కొన్న కెమెరా అది. మెడలో వేసుకొని మేడారం జాతరకు పోతే, మొక్కు తీరింది నాకే అన్నంత సంబరమైంది. తన బరువంత బెల్లం ఇస్తానన్న మొక్కు తీర్చడానికి అమ్మ తక్కెడలో కూర్చుంది. అవతలి పళ్లెంలో బెల్లం పెరిగేకొద్దీ ఆమె కాళ్లు నేల విడిచాయి. భయపడుతూనే పకపకా నవ్వింది. అప్పుడే నొక్కాను.

ప్రింటు కోసం మెమరీ కార్డు నీకిస్తే, అందులోవన్నీ చెరిపేసి తిరిగిచ్చావు. అడిగితే, "నీ డబ్బా కెమెరాకు గింత మంచి ఫోటో వస్తదారా? పోయి నట్లు బిగించుకో పో!" అన్నావు.

పేరు పోతే పోయింది, ఇంకో ఫోటో తీసుకుంటా అనుకున్నాను. నిన్న అమ్మ ఆ అద్దం ముందే ఆగి అడిగింది: "నిజం జెప్పు బిడ్డా, ఇది నువ్వే తీసినవా? నేను కండ్లు మూసుకున్న, సూడలే."

ఆదివారం సాయంత్రంలోగా కాశిబుగ్గలో మా ఇంటికొచ్చి, ఎవరు తీశారో నీ నోటితో ఆమెకు చెప్పు. రాకుంటే సోమవారం పొద్దున్నుంచి నీ షాపు ముందే నిలబడి, నీ దగ్గరికొచ్చే గిరాకీ అందరికీ పైసా తీసుకోకుండా ఫోటోలు తీస్తాను.

యాకమ్మ కొడుకు