ప్రార్థన వంతు

"నా పైపు తీసావంటే చెయ్యి ఇరగ్గొడతాను దీదీ!"

"ఎప్పుడూ నీ పైపే ముందెట్టడానికి, ఈ కుళాయేటి నీ పుట్టింటోళ్లు పంపిన సారె అనుకున్నావేటే?"

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో ఆ రెండిళ్లకీ కలిపి ఒకటే కుళాయి. ఎండాకాలం కాబట్టి నీళ్లు రోజు విడిచి రోజు, అదీ కాసేపే. ఇంకా చుక్క రాలేదు గానీ నూకరత్నం, కనకలక్ష్మి చెరో పైపూ పట్టుకుని అప్పుడే వీధిని ఏకం చేసేస్తున్నారు. ఇద్దరూ ఒకే సంఘం, ఆదివారం ఒకే చాప మీద కూర్చుని పాటలు పాడేవాళ్లే!

రేపటి ఏర్పాట్లు చూద్దామని ఫెర్రీ దిగి వచ్చిన పాస్టరుగారు ఆ గొడవ చూసి తల పట్టుకున్నారు. తెల్లారితే నూకరత్నం కూతురు చిట్టితల్లికి సముద్రంలో బాప్తిస్మం. ఆ తర్వాత సంఘానికంతా వాళ్లింట్లోనే భోజనాలు.

"నా డ్రమ్ములు నిండకపోతే రేపు అంతమందికీ ఏటెట్టి వండను అయ్యగారూ? మీరే సెప్పండి!" అంది నూకరత్నం ఏడుపు గొంతుతో.

"ముందు మీరిద్దరూ సమాధానపడండి. మీరిలా కొట్టుకుంటుంటే నేను బాప్తిస్మం ఇవ్వను. వరండాలో కూర్చుని ఒకరి కోసం ఒకరు ప్రార్థన చెయ్యండి. ఒకరు చేస్తుంటే రెండోవారు నోరెత్తకూడదు. ఇద్దరిదీ అయితేనే రేపటి కార్యక్రమం."

చాపలు పరిచారు. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. నూకరత్నం మొదలుపెట్టింది.

"ప్రభువా! మా కనకలక్ష్మి దీదీని నీ పాదాల దగ్గర పెడుతున్నాను. ఆవిడ కోళ్లు నా ముంగిలంతా పాడుచేస్తన్నాయి, ఆవిడని క్షమించు. ఆవిడ పిల్లి నా ఎండుచేపలు తినేసినాది, ఆ పిల్లిని కూడా క్షమించు. మొన్న నా కొత్త చీర చూసి 'ఎంతకి కొన్నావు' అనకుండా 'ఎవులిచ్చారు' అన్నాది. ఆ నోటిని నువ్వే ముట్టి బాగుచెయ్యి తండ్రీ!"

"ఆమేన్!" అంది కనకలక్ష్మి పళ్లు నూరుతూ, అక్కడితో అయిపోతుందన్న ఆశతో.

"ఇంకా అవలేదు ప్రభువా," అంది నూకరత్నం.

నిజంగానే అవలేదు. కనకలక్ష్మి కోడలు, కోడలి తమ్ముడు, ప్రహరీ మీద పడేసిన చేపపొలుసులు, అన్నీ దేవుడి దృష్టికి వెళ్లాయి. అడ్డుచెప్పే నోరు లేకపోయేసరికి ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! గొంతు అంతకంతకూ పెరిగింది. వీధి చివర ఎవరో నీళ్లొచ్చాయంటూ "పానీ ఆగయా!" అని అరిచినా తన చెవికి తన గొంతే వినపడింది. పాస్టరుగారు "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఊగుతున్నారు.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కుళాయి వైపు నుంచి నీళ్ల చప్పుడు! నూకరత్నం ఒక కన్ను తెరిచింది. ఎదుటి చాప ఖాళీ.

"యేసునామమునఆమేన్! ఓలమ్మో, నా కళ్లు మూయించి నీళ్లు పట్టుకుపోతంది అయ్యగారూ!" అంటూ పరుగెత్తింది. వెనకే పాస్టరుగారు.

కుళాయి దగ్గర కనకలక్ష్మి, చేతిలో పైపు, మోకాళ్ల దాకా తడిసిన చీర. నూకరత్నం తిట్టబోయి డ్రమ్ముల వైపు చూసింది. నిండింది తన డ్రమ్ములు! బకెట్లు, బిందెలతో సహా! కనకలక్ష్మి డ్రమ్ములు అడుగైనా తడవలేదు. అంతలో కుళాయి గుర్రుమని ఆగిపోయింది.

పాస్టరుగారి కళ్లు చెమర్చాయి. "చూశావా నూకరత్నమ్మా! నువ్వు అన్ని మాటలంటుంటే ఆవిడ నీ ఇంటికి నీళ్లు పట్టింది. ప్రేమంటే అదీ!"

నూకరత్నానికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. గబగబా వెళ్లి కనకలక్ష్మి చేతులు పట్టుకుని బావురుమంది.

"మాఫ్ చేసెయ్ దీదీ! నా నోరు పడిపోను! నీ ఇంట్లో చుక్కలేకుండా నా బిడ్డ కోసం ఇంత చేసావా! సగం నువ్వట్టుకెళ్లు."

"నీళ్లదేముందిలేవే," కనకలక్ష్మి కొంగు పిండుకుని, తాపీగా వరండా వైపు నడిచింది. "నీ డ్రమ్ములు ఖాళీగా ఉంటే నా ప్రార్థన మధ్యలో లేచిపోవూ? రా, ఇప్పుడొచ్చి కూకుని కళ్లు మూసుకో!"