ఉదయం ఎనిమిది గంటల రక్తం

"నిజం చెప్పమ్మా. ఏం మింగావు?"

సౌదామిని గొంతు వార్డంతా వినబడింది. పక్క మంచాలవాళ్లు మరమరాలు నమలడం ఆపి మరీ ఇటు తిరిగారు.

గోడవారగా నిలబడ్డ కుళమణి తల దించుకున్నాడు. అక్క నోటికి ఎదురుచెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

మంచం మీద వాళ్ల అమ్మ కేతకి కళ్లు మూసుకుని పడుకుంది. పన్నెండేళ్ల కీళ్లవాతం ఆమె వేళ్లను వంకర తిప్పేసింది. మూడు రోజుల కింద, కార్తిక మాసం పదకొండో నాడు, తెల్లవారుజామున చెరువు స్నానం చేసొచ్చి పొయ్యి దగ్గర కుప్పకూలింది. వాంతులు, చల్లటి చెమటలు, అందని నాడి. కుళమణి తమలపాకు తోటలోంచి పరుగున వచ్చి, ఆటోలో వేసుకుని ఈ పట్టణం ఆసుపత్రికి తెచ్చాడు. కబురందగానే అక్క అత్తవారింటి నుంచి దిగింది.

డాక్టరమ్మ రిపోర్టు మీద వేలు పెట్టింది.

"ఇది ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి, ఇంజెక్షన్ ఇవ్వకముందు తీసిన రక్తం. ఆ వేళకి ఎవరికైనా కార్టిజాల్ అనే హార్మోను బాగా ఉండాలి. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు తయారుచేస్తాయి దాన్ని. ఇంత జబ్బులో ఉన్న మనిషికి ఇంకా ఎక్కువుండాలి. ఈమెకి లేనట్టే."

"థైరాయిడ్ కూడా తేడాగా ఉందన్నారుగా?" సౌదామిని చేతిసంచి తెరిచింది. "నాకూ అదే జబ్బు. నా మాత్ర ఒకటి వేసేద్దామా?"

"కొంప ముంచుతావు తల్లీ! కార్టిజాల్ లేని మనిషికి ముందే థైరాయిడ్ మాత్ర వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ముందు దీని సంగతి చూడాలి. ఇది కుదుటపడితే ఆ అంకె దానంతటదే దిగొచ్చు కూడా."

సౌదామిని సంచి మూసేసింది.

"దీనికి రెండే కారణాలు," అంది డాక్టరమ్మ. "గ్రంథులైనా పాడై ఉండాలి. లేదా స్టెరాయిడ్ మాత్రలు చాన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానేసి ఉండాలి. మాత్రలవల్లయితే గ్రంథి నిద్రపోయిందంతే. ఎంత వాడిందో తెలిస్తే, కొంచెం కొంచెం తగ్గిస్తూ మళ్లీ లేపుతాం. కాదంటే కటక్ పెద్దాసుపత్రికి పంపాలి. ఈ స్థితిలో అంత దూరం ప్రయాణం... నాకు భయంగానే ఉంది."

"మాత్రలా! మా నాన్న సూది మందు వికటించి పోయాక ఈవిడ ఇంగ్లీషు మందును గడప తొక్కనిచ్చిందా? నా పిల్లలకు జ్వరమొచ్చినా కషాయమే."

"ఆ మాత్రలకి కీళ్లనొప్పులు తగ్గుతాయి. మరి ఈమెకి ఎప్పుడు తగ్గాయి?"

"ఏడాది పైనే అయింది. మంచం దిగలేని మనిషి లేచి తోటలో ఆకు కట్టలు కట్టింది. అంతా దేవుడి దయ అనుకున్నాం. అందుకే ఈ ఏడు హబిష వ్రతం కూడా పట్టింది. నెల్లాళ్లు ఒంటిపూట తిండి. తను వండుకున్నదే తినాలి, వేరేవాళ్ల చేతి మంచినీళ్లు కూడా ముట్టదు."

డాక్టరమ్మ మంచం మీదికి వంగింది. "ఏం మానేశావమ్మా, వ్రతం పట్టాక?"

కేతకి కళ్లు తెరిచింది. "కాళియా జగన్నాథుడి మీద ఆన తల్లీ. నా చేత్తో నేను ఒక్క మాత్ర నోట్లో వేసుకోలేదు."

"కార్తికంలో ఒట్లు కూడానా! నువ్వు అబద్ధమాడతావు గానీ నీ రక్తం ఆడుతుందా?" సౌదామిని చెయ్యి తిప్పింది. "మాకేమో ముట్టొద్దని నీతులు. నువ్వేమో చాటుగా మింగడం!"

పక్కమంచం ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "మా మామగారూ అంతేనమ్మా. తాంబూలం డబ్బాలో మాత్రలు దాచేవాడు. అడిగితే వక్క అనేవాడు."

వార్డు నవ్వింది. కేతకి వంకర వేళ్లతో కొంగు ముఖం మీదికి లాక్కుంది.

కుళమణి చెవులు కాలిపోయాయి. నేల చీలితే అందులోకి పోవాలనిపించింది.

"వదిలెయ్ అక్కా," అన్నాడు.

"నువ్వు నోర్మూసుకో. కళ్లెదుట ముసలావిడ దొంగతనంగా మింగుతుంటే నువ్వూ నీ పెళ్లామూ ఏం చూస్తున్నారు? గుడ్డివాళ్లయ్యారా ఇద్దరూ?"

అతను ఏదో అనబోయాడు. వార్డులో అన్ని కళ్లూ తన మీదే ఉన్నాయి.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "సరే. కటక్‌కి రాసిస్తాను. బండి మాట్లాడుకోండి."

కలం కాగితం మీద కదిలింది. కొంగు చాటు నుంచి కేతకి కొడుకు వంక చాలాసేపు చూసింది. అతను కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఆగు తల్లీ, రాసుకో," అంది కేతకి. "పొద్దున చాయ్‌తో సగం మాత్ర. రోజూ. పోయినేడు తొలకరిలో రజ పండగ నుంచి."

సౌదామిని నుదురు కొట్టుకుంది. "విన్నావా కుళా! చాయ్‌తోనట! ఎంత నాటకం, ఎంత నాటకం! ఇక ఊళ్లో తలెత్తుకుని తిరగగలమా?"

"బతికించావమ్మా," అంది డాక్టరమ్మ, రాస్తున్న కాగితం చింపేస్తూ. "ఇది ముందే చెప్పి ఉంటే ఇన్ని మాటలు పడేదానివి కాదుగా?"

కేతకి గోడవైపు ఒత్తిగిలింది.

పోయినేడు రజ పండగ నుంచి ఈ వ్రతం మొదలయ్యేదాకా పొద్దున్నే అందరికంటే ముందు లేచి, సగం మాత్ర నలిపి అమ్మ చాయ్‌లో కలుపుతూ వచ్చిన కుళమణి, ఆ సంగతి ఇప్పటివరకూ కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.