రోగికి చెప్పరాదు

"మా ఆవిడకి మాత్రం తెలియకూడదు డాక్టరుగారూ. బల్లిని చూసినా బెదిరిపోయే మనిషి," అన్నాడు చక్రపాణి.

అమీర్‌పేట ఆసుపత్రిలో అరుణాదేవికి చంకలో గడ్డ తీశారు. క్యాన్సరని తేలింది. శ్రీనగర్ కాలనీ మొత్తం మీద ఈ సంగతి తెలియని మనిషి ఆవిడొక్కతే. చక్రపాణి రహస్యాన్ని అంత కట్టుదిట్టంగా కాపాడుతున్నాడు మరి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని పదిహేడు మంది బంధువులకి చెప్పాడు. ఆవిడ లేకుండా వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాడు.

"చెప్తేనే మంచిగుంటది సార్," అన్నాడు డాక్టర్ రాఘవేందర్. "గడ్డ ముక్కను ల్యాబుకు పంపుతున్నం. అండ్ల కణాలను పెంచి, ఒక్కో మందు పోసి చూస్తరు. ఏ మందుకు చస్తయో వారంల తెలుస్తది. దేనికీ చావకపోతే మాత్రం కష్టమే."

చక్రపాణి బెదిరిపోయాడు. తెలివి మాత్రం బెదరలేదు. ల్యాబు ఫారం మీద భార్య పేరు కింద 'రోగికి చెప్పరాదు' అని ఎర్ర సిరాతో రాయించి, కింద రెండు గీతలు కూడా కొట్టించాడు. ఏ ల్యాబో అడగలేదు. ఏదైతేనేం, నోరు మూసుకుంటే చాలు.

ఇంటికొచ్చి, "ఉత్త కొవ్వు గడ్డేనట అరుణా," అన్నాడు.

"అలాగాండీ," అందావిడ. కుట్లు విప్పించుకోకముందే ఎప్పట్లాగే ఉద్యోగానికి వెళ్లిపోయింది.

పిచ్చిది, ఏం చెప్పినా నమ్మేస్తుందనుకున్నాడు. బాత్రూంలో కుళాయి తిప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ లేని ఇల్లు ఆయన ఊహకి అందలేదు.

నాలుగు రోజులు ఆవిడ సరిగా తినలేదు. అడిగితే పనెక్కువంది. అయిదో రోజు వస్తూనే పులిహోర కలిపి, మారు వడ్డించుకుని మరీ తింది. తన అబద్ధం ఇన్నాళ్లకి ఒంటబట్టిందని చక్రపాణి గ్రూపులో గర్వంగా రాసుకున్నాడు. పదిహేడు మందీ మెచ్చుకున్నారు.

వారానికి రిపోర్టు వచ్చింది.

"అయిదు మందులు పనిచెయ్యలే. ఆరోదానికి మొత్తం చచ్చినయి," అన్నాడు డాక్టరు. "ఫికర్ చెయ్యకుండ్రి."

చక్రపాణి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా ఆవిడకి తెలియలేదు కదండీ?"

డాక్టరు కాగితం ఆయన ముందుకి జరిపాడు.

అడుగున, 'కణాలు పెంచి మందులు పరీక్షించినవారు' అన్న చోట, ఇరవయ్యేళ్లుగా ఆ ల్యాబులోనే పనిచేస్తున్న అరుణాదేవి సంతకం ఉంది.