గుప్పెడు గోళీలు

రెండో గుద్దుకు బావ ముక్కు పగిలింది. వెనక్కి తూలి బీరువాకు కొట్టుకుంటే దాని అద్దం భళ్లున పగిలి గదంతా రాలింది.

"ఆడదాని మీదా నీ ప్రతాపం?" చెల్లెలి మొగుడి చొక్కా దొరకబుచ్చుకుని అన్న మళ్లీ పిడికిలి ఎత్తాడు. రోజూ కొట్లో మాంసం నరికే చెయ్యి అది. ఏ ఎముక ఎక్కడ విరుగుతుందో దానికి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఒట్టు బావా, నేను దాని మీద చెయ్యి వెయ్యలేదు," అన్నాడతను రక్తం మింగుతూ. చీమకైనా దారిచ్చి నడుస్తాడని వీధంతా అతనికి పేరు.

"వెయ్యకుండానే ఒళ్లంతా వంకాయ రంగు తేలిందా?"

చెల్లెలు గోడకు అతుక్కుని నిలబడింది. జబ్బల మీద, మెడ వెనక, నడుం దగ్గర కమిలిన మచ్చలు. పొద్దున అన్న కొట్టు దగ్గరికి వచ్చి మాట్లాడకుండా చూపించింది. పోయినేడూ ఇలాగే ఏడుస్తూ వచ్చింది. అప్పుడు ఒంటి మీద గీతైనా లేదు. మొగుడూ పెళ్లాలన్నాక మాటా మాటా వస్తుంది, సర్దుకుపొమ్మని అన్నే వెనక్కి దింపాడు. ఇప్పుడు కళ్లారా చూశాక ఆగలేకపోయాడు. ఈసారి మోకాలితో పొట్టలో పొడిచాడు. బావ గాజుపెంకుల మీదే కూలబడ్డాడు.

గొడవ విని ఎదురింటి డాక్టరమ్మ పరుగున వచ్చింది. బావ ముక్కులో దూది పెడుతూ చెల్లెలి చేతులు చూసి ఆగింది.

"గుండె ఆపరేషనయ్యాక రక్తం పలచబడే మందు వాడుతున్నావుగా. దాంతో పాటు ఇంకేం మింగుతున్నావ్?"

చెల్లెలు వంటింటి వైపు చూసింది. బావే దేక్కుంటూ వెళ్లి వంటింట్లోంచి సీసా తెచ్చాడు. చేపనూనె గోళీలు. అడుగున నాలుగు మిగిలాయి.

"రోజుకెన్ని?"

"గుప్పెడు."

"నన్నడక్కుండా ఇవి మింగొద్దన్నానా? ఆ మందుకు ఇవి తోడైతే చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుందని, లోపల రక్తం కారితే ప్రాణం మీదికొస్తుందని చెప్పానా లేదా?"

"చెప్పారండీ."

"వింటేగా." డాక్టరమ్మ అన్న వైపు తిరిగింది. "తలుపు తగిలినా ఇలాగే అవుతుంది. ఇవి పారేసి రేపు రక్తపరీక్షకు తీసుకురండి."

ఆమె వెళ్లాక అన్నకు తల కొట్టేసినట్టయింది. "కళ్లు మూసుకుపోయాయి బావా. క్షమించు."

"పోనీలే. తోడబుట్టినదాని మీద ప్రేమ," అని దూదిముక్కుతోనే నవ్వి, బావ చీపురు అందుకున్నాడు.

చెల్లెలు గుమ్మం దాకా వచ్చింది. అన్న పళ్లు కొరికాడు. "గుండెకు మంచిదని ఎవడో అంటే గుప్పెళ్లతో బుక్కుతావా? నీ మూలాన దేవుడిలాంటి మనిషిని గొడ్డును బాదినట్టు బాదాను."

ఆమె తలుపు దగ్గరికి లాగి గొంతు తగ్గించింది. "గుండెకని కాదన్నయ్యా."

"మరెందుకే?"

"కొట్టిన దెబ్బలు పైకి కనబడాలని."