సగం తెరిచిన గేటు

ఉదయం ఇన్వర్టర్ మూత తీయగానే కొత్త టంకం చుక్క ఒకటి మెరుస్తూ కనిపించింది. కరెంటు లేదు. అమ్మ ఊపిరి యంత్రం అప్పుడే ఆగింది.

“బ్యాటరీ తగ్గితే ఆపేసే నా సర్క్యూట్‌ని తీసేశావా, అన్నయ్యా?”

“అమ్మకి ఇంకో పది నిమిషాలు గాలి అందుతుందని తీశా. తప్పా?”

“ట్రాన్సిస్టర్‌ని తెరిచే కాలు గేటు, దానికి వోల్టేజీ చాలక ట్రాన్సిస్టర్ సగమే తెరుచుకుని, వేడెక్కి కాలిపోయింది. ఇన్వర్టర్ దానంతటది ఆగి ఉంటే రెండో బ్యాటరీ తగిలించేవాళ్లం.”

“సగం తెరిచిన తలుపులోంచి మనిషి దూరట్లేదా, పుస్తకాల పురుగా?”

“దూరతాడు. ఒళ్లు గీరుకుపోతుంది.”

అన్నయ్య రెండో బ్యాటరీ దగ్గరకి లాగాడు. ఈ ఇంట్లో నా మాట నెగ్గడం అదే మొదటిసారి. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

నేను ట్రాన్సిస్టర్ మార్చాను. అన్నయ్య నిండు బ్యాటరీ తగిలించాడు. యంత్రం చక్కగా నడిచింది. అమ్మ ఊపిరి అప్పటికే ఆగిపోయింది.

ఆసుపత్రి మా వీధి చివరే ఉంది.