పెరటి తలుపు

పొద్దున్నే కుళాయి గడ్డకట్టింది. ఏరు అంతకుముందే గట్టిపడింది. పోయిన ఏడాది ఇదే రోజున ఊళ్ళో వాన పడింది, ఏటి మీద మంచు అప్పడమంత మందం కూడా లేదు. కొరియా కొండల్లో చలికాలం మొదలు ఇలాగే ఉంటుంది. ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు.

ఏడాది మొత్తానికి పొడుగు రాత్రి ఇవాళే. దయ్యాలకి బోలెడు తీరిక. అందుకే ఇంటింటా ఎర్ర అలసందల జావ ఉడుకుతోంది. తినేముందు గుమ్మాలకి చల్లుతారు. ఆ ఎరుపు చూస్తే దయ్యం గడప దాటదు.

హేరిన్ ఆ ఇంటికి కొత్త కోడలు. అత్త ఓక్‌బున్ నోట ఇంతవరకూ ఒక్క మెచ్చుకోలు వినలేదు. ఇవాళైనా వింటానేమోనని జావ అడుగంటకుండా కలుపుతోంది.

"ఉప్పు తగ్గించు. మీ మామయ్యకి పడదు," అంది ఓక్‌బున్.

"అలాగే అత్తయ్యా."

"ఆ మనిషికి అదొక్కటేనా! ముందు తలుపు చుట్టాల కోసమట. బురద బూట్లతో, చేపల బుట్టతో పెరట్లోంచే రావాలి. పెళ్ళైనప్పట్నుంచీ అరుస్తున్నా. గోడకి చెప్పినట్టే."

పక్కింటి మల్‌సూక్ తొంగిచూసింది. "ఇంకా ఆయన్ని తిట్టడం మానలేదా వదినా?"

"మానితే ఆయనకి తోచదు."

ఓక్‌బున్ పైన్ కొమ్మని జావలో ముంచి వీధి గేటుకి, ముందు గుమ్మానికి, కొట్టుగదికి చల్లింది. లోపలికొచ్చి గిన్నెలు సర్దింది. కొడుక్కి, కోడలికి, తనకి, ఆయనకి.

పెరటి తలుపు మిగిలిపోయింది. హేరిన్ గమనించింది. చెబితే అత్తయ్య చిన్నబుచ్చుకుంటుందని, తనే గరిటెడు జావ తీసుకెళ్ళి ఆ తలుపుకి పైనుంచి కిందిదాకా ధారాళంగా చల్లింది.

"అత్తయ్యా, మీరు మర్చిపోయిన తలుపుకి నేను చల్లేశాను."

ఓక్‌బున్ చేతిలో చెంచా ఆగింది. వేణ్ణీళ్ళ కెటిల్, చాకు పట్టుకుని పెరట్లోకి నడిచింది. జావ అప్పటికే చెక్కకి అతుక్కుని రాయైంది. నీళ్ళు పోస్తే అవీ బిగుసుకుపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టింది.

హేరిన్‌కి ఏడుపొచ్చింది. "తప్పు చేశానా అత్తయ్యా? దయ్యాలు రాకూడదనే కదా..."

"దయ్యమైనంత మాత్రాన అలవాటు మార్చుకునే మనిషా మీ మామయ్య!" అంది ఓక్‌బున్, చాకు ఆపకుండా.