చెయ్యి చాపని ఎల్లేష్

"నా నెత్తురెందుకక్కా? నేను మందులు తెచ్చుకునేది సిటీల. ఆడనే ఇస్త తియ్యి," అంటూ ఎల్లేష్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఇబ్రహీంపట్నం దవాఖానలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చి, మంచీచెడూ చెప్పే గది అది. బల్లకు అవతల కౌన్సిలర్ సాయిమా. ఇవతల ఎల్లేష్, అతని భార్య నందిని. ఇద్దరిదీ రెండో పెళ్లి, అయి ఏడాది కూడా కాలేదు. ఆ పొద్దునే నందిని రక్తంలో సిఫిలిస్ బయటపడింది. సవాయి రోగం అంటారే, అదే.

"ఇద్దరికీ చూడాలన్నా. ఒకరికే సూది ఇస్తే మళ్ల తిరిగొస్తది. కండోమ్ వాడుతున్నరా?"

నందిని తల దించుకుంది. "లేదక్కా. నాకున్నదే ఈయనకూ ఉన్నది. ఇగ కొత్తగ వచ్చేదేముంటది అనుకున్నం."

సాయిమాకు ఒళ్లు మండింది. ఈ మాట ఆమె వినని వారం లేదు. "హెచ్‌ఐవీ ఉన్నదని తక్కిన రోగాలు జాలిపడి ఊకుంటయా? సవాయి వస్తది, గనేరియా వస్తది. మందులకు లొంగని వైరస్ ఒకరికెల్లి ఒకరికి పోతది. ఎన్నిసార్లు చెప్పిన నీకు!"

"మరి గిది నాకు ఎక్కడికెల్లి వచ్చిందక్కా? నేను ఈయన్ని తప్ప..." నందిని ఆగి మొగుడి వైపు చూసింది.

"పాతది కూడా కావచ్చు. నీ మొదటాయన కాడికెల్లి వచ్చి, ఏండ్ల తరబడి లోపలనే ఉండొచ్చు."

ఆ మాట నందిని చెవికెక్కలేదు. మొగుడి చొక్కా పట్టుకుంది. "మంచాల ఊర్ల పని ఉన్నదని పోయి, ఎవలింట్ల ఉంటున్నవ్? తప్పు చెయ్యనోనికి సూదంటే భయమెందుకు?"

"నీ మీదొట్టు నందినీ. ఎవ్వలు లేరు."

"అయితే చెయ్యి చాపు. చాపకుంటే నేనిటే మా తల్లిగారింటికి పోత. మళ్ల నా మొహం చూడవు."

ఎల్లేష్ కదల్లేదు. ఆమె సంచీ తీసుకుని లేచింది. అప్పుడు చాపాడు.

"ఎట్లాగూ నెత్తురు తీస్తున్న గదా, అన్ని పరీక్షలూ చేస్త, సరేనా?" సాయిమా అడిగింది. అతను తలూపాడు.

వరండా బెంచీ మీద ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. నందినికి ఏడుపు తన్నుకొస్తోంది. మొదటివాడు అబద్ధాలు చెప్పి రోగం అంటించి పోయాడు. ఈయనా అంతేనా అని ఒకటే బాధ.

ఫలితాలు రాగానే సాయిమా ఇద్దరినీ లోపలికి పిలిచింది. తలుపు దగ్గరికి వేసింది.

"ఎల్లేషన్నకు సవాయి లేదు. నీది పాతదే. సూదులతోని పోతది."

నందిని భర్త చేతులు పట్టుకుని భోరుమంది. "తప్పయింది. ఊరికెనే అనుమానపడ్డ."

సాయిమా మాత్రం ఎల్లేష్‌నే చూస్తోంది. ఆమె మొహంలో కోపమో దిగులో తెలియడం లేదు. "అన్నా, రెండో ముచ్చట నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నందిని కళ్లు తుడుచుకుంది. "ఏందక్కా? ఈయనకేమైంది?"

ఎల్లేష్ ఆమె చేతులు వదల్లేదు. "రోగం లేనోన్ని చేసుకోనంటివి గదా నందినీ... అందుకే నాకూ ఉన్నదని చెప్పిన."